నడిచాడు, నడిచారు, వాక్డ్

ఆరో తరగతిలో ఏబీసీడీలు దిద్దిన తరం మాది. నేను ఆరో తరగతిలో చేరింది 1972లో. అప్పటిదాకా ఇంగ్లీషంటే మాకు కిరసనాయిలు డబ్బాల మీదా రైలుపెట్టెల మీదా కనిపించే వంకర గీతలే. ఎనిమిదికి వచ్చేసరికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఆ ఏడాదే ఒకరోజు మా ఇంగ్లీషు మాస్టారు నల్లబల్ల నిండా ఓ పట్టిక గీశారు.

ఐ వాక్డ్. వియ్ వాక్డ్. యూ వాక్డ్. హీ వాక్డ్. షీ వాక్డ్. ఇట్ వాక్డ్. దే వాక్డ్.

సుద్దముక్క బల్ల మీద పడేసి చేతులు దులుపుకుంటూ అన్నారాయన. "చూశార్రా, ఎంత తేలికో! మనకైతే నడిచాను, నడిచాం, నడిచావు, నడిచాడు, నడిచింది, నడిచాయి... ఎన్ని తోకలు! వాళ్లకి ఒకటే తోక. చివర 'ఈడీ' తగిలించారా, అయిపోయింది. ఇలా బుద్ధిగా రూలు ప్రకారం నడిచేవాటిని రెగ్యులర్ వెర్బులంటారు."

పిల్లలంతా హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఏదో తక్కువైనట్టు అనిపించింది. లేచి నిలబడ్డాను.

"మాస్టారూ, ఇందులో 'రు' ఎక్కడుందండీ?"

"ఏ రు రా?"

"అదేనండీ... నడిచారు అనాలంటే? పెద్దవాళ్లని?"

క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. కాసేపు బల్ల వంకే చూసి, "లేదురా. వాళ్ల రాణిగారు నడిచినా వాక్డే, ఆవిడ గుర్రాలకి గడ్డేసేవాడు నడిచినా వాక్డే. కావాలంటే పేరుకి ముందు మిస్టరనో సర్ అనో పెట్టుకో. వెర్బు మాత్రం ఎవరికోసమూ మారదు" అన్నారు.

నేనెందుకు అడిగానో ఆయనకి తెలిసే అవకాశం లేదు.

మా నాన్న పాలేరు. తొలేకాదశినాడు కామందుగారి దగ్గర ఏడాదికి కుదిరేవాడు. జీతం ధాన్యం బస్తాల్లో. కామందుగారి రెండో అబ్బాయి మా క్లాసే. నా ముందు బెంచీ. ఆ అబ్బాయి గురించి మాట్లాడాల్సి వస్తే మా నాన్న "చినబాబుగారు బడి నుంచి వచ్చారు" అనేవాడు. మా నాన్న గురించి మాట్లాడాల్సి వస్తే ఆ అబ్బాయి "వాడింకా రాలేదు" అనేవాడు. పదమూడేళ్ల పిల్లాడికి 'రు'. నలభై దాటిన మనిషికి 'డు'. ఇందులో ఆ అబ్బాయి తప్పేమీ లేదు లెండి. ఇంట్లో అందరూ అనేదే వాడూ అన్నాడు. నాకూ అప్పటిదాకా అది వింతగా తోచలేదు. వేపచెట్టు చేదుగా ఉంటుందని ఎవరైనా బాధపడతారా? నల్లబల్ల మీద ఆ పట్టిక చూసినరోజే మొదటిసారి అనుమానం వచ్చింది, ఈ 'రు' అనేది చెట్టుకి కాసింది కాదేమోనని.

ఆ రాత్రి నాన్న అన్నం తింటుంటే చెప్పాను.

"వాక్డ్ అంటే నడవడం నాన్నా. అయిపోయిన నడక."

"ఎవరు నడిచింది?"

"ఎవరైనా. నువ్వు నడిచినా వాక్డే. కామందుగారు నడిచినా వాక్డే."

నాన్న ముద్ద కలపడం ఆపేశాడు. "కామందుగారికీ అదేనా?"

"ఆఁ."

"తప్పురా. నడిచారు అనాలి."

"వాళ్ల భాషలో అట్లా అనడానికి కుదరదు నాన్నా. లేదు."

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుంటూ తనలో తనే నవ్వుకున్నాడు. "వాక్డ్" అని ఒకసారి అని చూసుకున్నాడు.

అమ్మ మధ్యలో కల్పించుకుని, "మరి నాకు?" అంది. నీకూ అదే అన్నాను. "మన భాషలో నాకేమిటి?" అని అడిగింది. చెప్పబోయి తడబడ్డాను. అమ్మ నడిచింది, గేదె నడిచింది. తెలుగులో ఇద్దరికీ ఒకటే తోక! ఆడమనిషి ఒక్కత్తే నడిస్తే ఆ క్రియ పశువుతో, బండితో, గడియారంతో సమానంగా ఉంటుంది. మన వ్యాకరణం మగవాళ్లని 'మహత్తు'లని, మిగిలినవన్నీ 'అమహత్తు'లని విడదీసింది. ఏకవచనంలో ఆడవాళ్ల క్రియ వెళ్లి ఆ రెండో గంపలోనే పడింది. అదంతా నాకు అప్పుడు తెలియదు. "గేదెకీ నీకూ ఒకటేనమ్మా" అన్నాను నిజాయితీగా. అమ్మ గరిటె ఎత్తింది.

మర్నాటి నుంచీ మా ఇంట్లో ఒక కొత్త భాష పుట్టింది. నాన్న పొలం నుంచి రాగానే నన్ను చూసి కన్ను గీటి, "ఇవాళ కామందుగారు చేలోకి వాక్డ్" అనేవాడు. నేను మరికొన్ని నేర్పాను. పిలిస్తే కాల్డ్. అడిగితే ఆస్క్డ్. అరిస్తే షౌటెడ్. నాన్నకి అన్నిటికంటే నచ్చింది షౌటెడ్. "ఇవాళ గట్టు దగ్గర బాగా షౌటెడ్!" అనేవాడు. అమ్మ కంగారుపడి వీధి వైపు చూసేది. నాన్న మాత్రం ధీమాగా, "ఎవరు అరిచారో నేనన్నానా?" అనేవాడు.

ఎంత గట్టి పాయింటో నాకు చాలా ఏళ్లకి గానీ అర్థం కాలేదు. తెలుగులో "బాగా అరిచారు" అంటే చాలు. ఎవరని చెప్పక్కర్లేదు. అరిచింది పెద్దవాళ్లో, ఒకరికంటే ఎక్కువమందో, ఆ తోకే పట్టిచ్చేస్తుంది. అందుకే మనం కర్తని హాయిగా వదిలేస్తాం. ఇంగ్లీషు వెర్బు దగ్గర ఆ గుట్టు ఉండదు. షౌటెడ్ అంటే అరిచింది నేనా, నువ్వా, పంచాయతీ ప్రెసిడెంటా, తెలిసే దారి లేదు. అందుకే వాళ్లు ప్రతి వాక్యానికీ ముందు ఐ అనో హీ అనో కాపలా పెట్టుకుంటారు. మా నాన్న ఆ కాపలావాణ్ణి తీసేసి, వెర్బునొక్కదాన్నే వదిలేవాడు. పట్టుబడకుండా కామందు మీద ఫిర్యాదు చెయ్యడానికి ఊళ్లో అంతకంటే మంచి మార్గం లేదు.

అలాగని ఇంగ్లీషువాడు మనుషులందరినీ ఒకే కంట చూశాడని కాదు. మన దేశంలో వాడు మనవాళ్లని ఏమని పిలిచాడో, ఎక్కడ నిలబెట్టాడో తెలిసినదే. వాడి హెచ్చుతగ్గులు వాడికీ ఉన్నాయి. కాకపోతే వాటిని క్రియ చివర కట్టుకోలేదు.

పరీక్షల ముందు నాన్నే నాకు అప్పజెప్పించుకునేవాడు. అక్షరం ముక్క రాదు. నా నోట్సు తలకిందులుగా పట్టుకుని, వినీ వినీ నేర్చుకున్నవే అడిగేవాడు. "కాల్?" "కాల్డ్, కాల్డ్." "వాష్?" "వాష్డ్, వాష్డ్." తప్పు చెబితే ఆయనకి తెలియదు. అయినా నేను తడుముకుంటే తెలిసిపోయేది. "ఊఁ?" అని ఆగేవాడు. మా క్లాసులో చాలామంది ఇంగ్లీషు దగ్గరే ఆగిపోయారు. పదో తరగతిలో మిగతావన్నీ గట్టెక్కి ఒక్క ఇంగ్లీషులో తప్పి, మళ్లీ కట్టి, మళ్లీ తప్పి, చివరికి నాగలి పట్టినవాళ్లున్నారు. నేను 1977లో గట్టెక్కాను.

మా కాలం గైడ్ల గురించి ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తోచదు. పన్నెండు టెన్సులకీ పక్కన తెలుగు అర్థాలుండేవి. 'నేను నడిచియున్నాను.' 'నేను నడచుచునుందును.' 'నేను నడిచియుండియుందును.' ఇదెవరు మాట్లాడే తెలుగో ఇప్పటికీ నాకు తెలియదు. ఇంగ్లీషు అర్థం చేసుకోవడానికి ముందు ఆ తెలుగు అర్థం చేసుకోవాల్సి వచ్చేది! అసలు చిక్కు ఎక్కడుందో ఆ గైడ్లు చెప్పేవి కావు. మనకి 'నడుస్తాను' అనే ఒక్కమాట రోజువారీ అలవాటుకీ సరిపోతుంది, రేపటి పనికీ సరిపోతుంది. 'రోజూ చెరువుదాకా నడుస్తాను', 'రేపు చెరువుదాకా నడుస్తాను'... తేడా అంతా రోజూ, రేపు అనే మాటల్లోనే. ఇంగ్లీషులో మొదటిదానికి ఒట్టి వాక్, రెండోదానికి ముందు విల్. అందుకే మన పిల్లాడు "ఐ విల్ వాక్ డైలీ" అని రాస్తాడు. వాడికి ఇంగ్లీషు రాక కాదు, తెలుగు బాగా వచ్చి రాస్తాడు. ముప్ఫై అయిదేళ్లు ఆ వాక్యం కింద ఎర్రగీత గీశాను. గీసిన ప్రతిసారీ కొంచెం సిగ్గుపడ్డాను.

డిగ్రీలో షేక్‌స్పియర్ నాటకం పాఠంగా వచ్చినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు నువ్వు, మీరు వేరువేరుగా ఉండేవట. దౌ అంటే నువ్వు. యూ అంటే చాలామందికి, పెద్దవాళ్లకి. ఆ దౌ పక్కన వెర్బుకి ప్రత్యేకంగా ఒక తోక కూడా ఉండేది. దౌ వాకెడ్‌స్ట్... ఇలా. కాలక్రమాన ఒకర్నొకరు యూ అనుకోవడం పెరిగి పెరిగి, దౌ మామూలు మాటల్లోంచి జారిపోయింది. దాంతోపాటే ఆ తోకా ఊడిపోయింది. అంటే ఇప్పుడు ఇంగ్లీషులో మిగిలినది 'నువ్వు' కాదు, 'మీరు'!

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు నాన్నకి ఇది చెప్పాను. కుడితి కలుపుతున్నాడు. విని, "అయితే వాళ్ల ఊళ్లో పాలేర్ని కూడా మీరంటారన్నమాట" అన్నాడు.

"అంతే నాన్నా."

"కుక్కపిల్లని?"

"దాన్నీ యూ అనే."

"మరి నిన్ను నేను మీరనాలా?" అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి గేదె బెదిరింది.

1986లో జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టార్నయ్యాను. మా మాస్టారు గీసిన పట్టికే నేనూ గీశాను. కాకపోతే పలికే తీరు దగ్గర కొంచెం ఎక్కువ తంటాలు పడ్డాను. చూడటానికి అన్నిచోట్లా ఈడీయే. పలకడంలో మాత్రం మూడు రకాలు. మన పిల్లలు అన్నిటినీ "వాకెడ్, ఆస్కెడ్, వాషెడ్" అని ఎడ్లబండి కట్టేస్తారు. చాలా రోజులు ఎలా చెప్పాలో తోచలేదు. ఒకరోజు నా ముందు పీరియడ్ తెలుగు. బల్ల మీద పరుషాలు, సరళాలు రాసి చెరపకుండా వెళ్లారు తెలుగు మాస్టారు. క చ ట త ప, గ జ డ ద బ. దాన్ని చూడగానే దారి దొరికింది. గొంతు మీద చెయ్యి పెట్టుకుని పలకమన్నాను. పరుషం పలికితే గొంతు వణకదు, సరళం పలికితే వణుకుతుంది. వాక్‌లో చివర 'క' పరుషం కాబట్టి పక్కకి వచ్చే తోకా పరుషమే, 'ట'. వాక్ట్. స, ష, ఫ కూడా గొంతు వణకని జాతే కాబట్టి పాస్ట్, వాష్ట్, లాఫ్ట్. కాల్, ఓపెన్, ప్లే... వీటి చివర గొంతు వణుకుతుంది కాబట్టి 'డ'. కాల్డ్, ఓపెన్డ్, ప్లేడ్. ఇక వాంట్, నీడ్‌లలాగా చివర్న ట, డ లే ఉంటే వాటి పక్కన ఇంకో ట, డ ఇమడవు. మధ్యలో చిన్న అచ్చు చొప్పించాలి. వాంటిడ్, నీడిడ్. పక్క అక్షరాన్ని బట్టి అక్షరం మారడం మనకి కొత్తేమీ కాదు కదా, సంధులు చదివినవాళ్లం. ఆ లెక్కన శీర్షికలో నేను రాసిన 'వాక్డ్' తప్పు. మా నాన్న అలాగే అనేవాడు, అందుకని దిద్దలేదు.

స్పెల్లింగు తిప్పలు మీకు తెలిసినవే. ట్రైలో వై పోయి ఐ వస్తుంది, స్టాప్‌లో ఇంకో పీ వచ్చి కూర్చుంటుంది. అవి రాయగా రాయగా వస్తాయి.

పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. అన్నిటికీ ఈడీ పెట్టేస్తే పోయేదిగా, గో కి వెంట్ ఎందుకు, కం కి కేం ఎందుకు అని. చాలాకాలం "అది అంతేరా" అని తప్పించుకున్నాను. 2007లో హార్వర్డ్ పరిశోధకులు కొందరు 'నేచర్' పత్రికలో దీనిమీద లెక్కలు కట్టి ప్రచురించారు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషు నుంచి వాళ్లు ఏరి తీసిన 177 ఇర్రెగ్యులర్ వెర్బుల్లో ఈనాటికి అలాగే మిగిలినవి 98. తక్కినవన్నీ ఒక్కొక్కటిగా ఈడీ దారికి వచ్చేశాయి. ఇవాళ బుద్ధిగా హెల్ప్డ్ అనిపించుకుంటున్న హెల్ప్ కూడా ఒకప్పుడు దారి తప్పినదే. ఏది ముందు లొంగుతుంది అంటే, జనం తక్కువ వాడేది. వందరెట్లు తక్కువ వాడే వెర్బు పదిరెట్లు తొందరగా లొంగిపోతుందట. బీ, హ్యావ్, డూ, గో, సే... పొద్దున్నుంచి రాత్రిదాకా అందరి నోళ్లలో నలిగేవి మాత్రం రూలుకి దొరకవు. పలుకుబడి ఉన్నవాళ్లకి రూలు వర్తించదన్నమాట! ఇది క్లాసులో చెబితే పిల్లలు నవ్వేవారు. నాన్న ఉంటే ఇంకా బాగా నవ్వేవాడు.

నాన్న 2004లో పోయాడు.

ఈ వాక్యం దగ్గర కలం చాలాసేపు ఆగింది. పోయాడు అని రాసి, కొట్టేసి, పోయారు అని రాసి, అదీ కొట్టేసి, మళ్లీ మొదటిదే రాశాను. కామందుగారింట్లో మా నాన్నకి తగిలిన 'డు', మా ఇంట్లో నేను ఆయనకి తగిలించిన 'డు' అక్షరంలో ఒకటే. "నాన్న వచ్చాడు" అని గుమ్మంలోకి పరిగెత్తిన 'డు' అది. దాన్ని తీసేసి 'రు' పెడితే ఎవరో దూరపు బంధువు పోయినట్టుంది. అప్పుడు ఆఫీసుకి పంపిన సెలవు చీటీ ఇంగ్లీషులో రాశాను. మై ఫాదర్ ఎక్స్‌పైర్డ్. ఈడీ. ఏ గొడవా లేదు. ఏ చుట్టరికమూ లేదు. చిన్నప్పుడు ఏ గుణం చూసి ఆ భాషకి మురిసిపోయానో, ఆ గుణమే ఆరోజు చల్లగా తగిలింది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది సంగతి చెప్పి ముగిస్తాను. ఎండాకాలం ముందు, ఒంటిపూట బడుల రోజులు. ఎనిమిదో తరగతికి పాస్ట్ టెన్స్ చెబుతున్నాను. అటెండరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"సార్, మీ నాన్నగారొచ్చారండీ."

అతని భుజం మీదుగా చూస్తే, వరండాలో స్తంభం పక్కన మా నాన్న. ఉతికిన పంచె, తలకి తుండుగుడ్డ, చేతిలో అమ్మ పంపిన సున్నుండల డబ్బా. అటెండరు మాట ఆయనకీ వినబడింది. వినబడగానే ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాల ఎవరు వచ్చారో అని. ఎవరూ లేరు. ఖాళీ వరండా, దాని అవతల ఎండ.

బయటికి వెళ్లాను. ఆయన ఇంకా వెనక్కే చూస్తున్నాడు.

"నిన్నే నాన్నా" అన్నాను.

డబ్బా నా చేతిలో పెట్టి, తుండుగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. కాళ్లనిండా దుమ్ము. మా ఊరి నుంచి ఆ బడికి ఒకటే బస్సు, అదీ పొద్దున్నే.

"బస్సు దొరికిందా?"

నాన్న తలుపులోంచి నల్లబల్ల వైపు చూశాడు. అక్కడ ఏముందో ఆయనకి చదవడం రాదు. అయినా పోల్చుకున్నట్టే ఉంది. నావైపు తిరిగి కన్ను గీటాడు.

"లేదురా. వాక్డ్."